టీవీలో బొమ్మ సరిచేసుకోవడానికి కాలిబ్రేషన్ డిస్క్ వాడాను: నా అనుభవం

కొత్త టీవీ వచ్చిన మూడో వారంలో అనుకుంటా, రాత్రి భోజనాలయ్యాక బ్లూరేలో ఒక సినిమా పెట్టుకున్నాం. చీకట్లో ఇద్దరు మాట్లాడుకునే సీను వచ్చింది. మాటలు వినపడుతున్నాయి గానీ మనుషులు తెలియడం లేదు, నల్ల కోటు వేసుకున్నాయనకి మెడ నుంచి కిందంతా ఒకటే నల్ల ముద్ద. మా ఆవిడ "కాస్త బ్రైట్‌నెస్ పెంచండి" అంది. పెంచుతూ పోతే ముఖాలు కనపడ్డాయి, కానీ తర్వాతి సీనులో నలుపు కాస్తా బూడిద రంగులోకి దిగి తెర మీద పొగ పట్టినట్టయింది. తగ్గిస్తే మళ్లీ ముద్ద. సినిమా అయ్యేలోపు నాలుగైదుసార్లు మార్చాను, ఏదీ కుదరలేదు. అంత డబ్బు పోసి కొన్న టీవీ, పాతదాని కంటే పెద్దది, అయినా పాత టీవీలోనే బాగుండేదన్న బాధ మిగిలింది.

తర్వాత అర్థమైంది ఏంటంటే, సినిమా చూస్తూ సెట్టింగులు మార్చడమే దండగ పని. ఆ సీను ఎంత చీకటిగా ఉండాలని తీశారో మనకి తెలియదు కదా. కావాలనే నీడలో ముంచారా, మన టీవీ ముంచిందా అన్నది బొమ్మ చూసి చెప్పలేం. అందుకని ఎలా కనపడాలో ముందే కచ్చితంగా తెలిసిన బొమ్మ ఒకటి కావాలి, దాన్ని తెర మీద పెట్టుకుని అది అలా కనపడేదాకా టీవీని మార్చుకోవాలి. కాలిబ్రేషన్ డిస్క్ అంటే అంతే, అలాంటి బొమ్మల మూట. వాటిని టెస్ట్ ప్యాటర్న్లు అంటారు.

డీవీడీల కాలం నుంచీ ఇవి ఉన్నాయి, అవియా, డిజిటల్ వీడియో ఎసెన్షియల్స్ లాంటివి. ఇప్పుడు కొనుక్కునే వాటిలో స్పియర్స్ అండ్ మున్సిల్ వాళ్ల డిస్కులు బాగా వాడుకలో ఉన్నాయి. ఉచితంగా దొరికేది ఏవీఎస్ హెచ్‌డీ 709, దాన్ని దింపుకుని డిస్కు మీద రాసుకోవచ్చు, మామూలు వీడియో ఫైళ్లుగా పెన్ డ్రైవ్‌లో పెట్టుకుని కూడా నడపొచ్చు. పేరులో ఉన్న 709 అంటే హెచ్‌డీ వీడియో రంగులకి ఉన్న ప్రమాణం, బీటీ 709. నేను ఈ ఉచితమైనదాన్నే రాసుకుని మొదలుపెట్టాను. మొదటిసారి చేసేవాళ్లకి అది చాలు, ఇప్పటికీ నా మాట అదే.

మొదటి ప్రయత్నం ఒక ఆదివారం మధ్యాహ్నం చేశాను, అది పూర్తిగా వృథా అయింది. పరదాలు వేశాను కానీ వెలుతురు పక్కల నుంచి వస్తూనే ఉంది. నలుపు ప్యాటర్న్ పెడితే తెరంతా నల్లగా ఉంది, అందులో ఏమీ లేదు. డిస్కు ఆగిపోయిందేమో అనుకుని రెండుసార్లు మొదటి నుంచి పెట్టాను. తర్వాత బ్రైట్‌నెస్ పెంచుకుంటూ పోతే సన్న పట్టీలు ఒక్కొక్కటీ పైకి తేలడం మొదలైంది, కొన్ని కనపడేదాకా పెంచి హమ్మయ్య అయిపోయింది అనుకున్నాను. ఆ రాత్రి దీపాలు ఆపి సినిమా పెడితే మళ్లీ అదే పొగ. గదిలో వెలుతురు ఉన్నప్పుడు కంటికి సన్నటి తేడాలు తెలియవు, అందుకని మనం అవసరానికి మించి పెంచేస్తాం. మీరు సినిమాలు ఏ వెలుతురులో చూస్తారో ఆ వెలుతురులోనే ఈ పని చేయాలి. మేం రాత్రిపూటే చూస్తాం, కాబట్టి రాత్రిపూటే చేయాలి. పగలు కూడా చూసేవాళ్లు ఇంకో మోడ్‌లో పగటికి విడిగా ఒక సెట్ చేసుకోవడం మంచిది.

రెండోసారి రాత్రి తొమ్మిదింటికి కూర్చున్నాను. టీవీని అరగంట ముందే ఆన్ చేసి ఉంచాను, వేడెక్కాక బొమ్మ కొంచెం మారుతుంది. ఈసారి డిస్కు పెట్టకముందే మెనూలోకి వెళ్లాను, ఎందుకంటే సగం పని అక్కడే ఉంది. కొన్నప్పుడు టీవీ వివిడ్ మోడ్‌లోనో స్టాండర్డ్‌లోనో ఉంటుంది, వివిడ్ అయితే షాపులో దీపాల వెలుగులో కళ్లు చెదిరేలా కనపడాలని చేసిన మోడ్. టీవీని మూవీ మోడ్‌లోకి మార్చాను. కొన్ని టీవీల్లో సినిమా అని ఉంటుంది, కొత్తవాటిలో ఫిల్మ్‌మేకర్ మోడ్ అని ఉంటుంది, 2019లో ప్రకటించారు దాన్ని. ఆ తర్వాత డైనమిక్ కాంట్రాస్ట్, నాయిస్ రిడక్షన్, కదలికల్ని నున్నగా చేసే మోషన్ సెట్టింగు, గది వెలుతురుని బట్టి తెరని తగ్గించి పెంచే సెన్సర్, అన్నీ ఆపేశాను. ఈ సెన్సర్ మీద కోపం వచ్చింది. నేను పక్క గదిలో లైటు వేసి వస్తే నేను కుదుర్చుకున్నదంతా మారిపోయి ఉంది, సెట్టింగు మాత్రం అక్కడే ఉంది. కదిలే తక్కెడతో తూకం వేసినట్టే. లోకల్ డిమ్మింగ్, అంటే తెర వెనక దీపాల్ని భాగాలుగా తగ్గించే సదుపాయం, ఉన్న టీవీ అయితే నలుపు సరిచేసేటప్పుడు దాన్ని కూడా ఆపడం గానీ తక్కువలో పెట్టడం గానీ చేయండి, తెరంతా నల్లగా ఉండి మధ్యలో సన్న వెలుగు మాత్రమే ఉంటే వెనక దీపాల్ని అది పూర్తిగా ఆర్పేసి ఆ సన్న వెలుగుని కూడా మాయం చేయగలదు.

ఇక్కడ పేర్ల గందరగోళం ఒకటుంది, నన్ను అదే ఎక్కువ తిప్పింది. బ్రైట్‌నెస్ అనగానే వెలుగు అనుకుంటాం కదా. కాదు. చాలా టీవీల్లో బ్రైట్‌నెస్ అనే మీట నలుపు ఎక్కడ మొదలవ్వాలో నిర్ణయిస్తుంది. కాంట్రాస్ట్ తెలుపు ఎక్కడ ముగియాలో నిర్ణయిస్తుంది. మొత్తం తెర ఎంత వెలుగివ్వాలన్నది బ్యాక్‌లైట్. తెర మసకగా ఉందంటే పెంచాల్సింది బ్యాక్‌లైట్, మనమేమో బ్రైట్‌నెస్ పెంచి నలుపుని పాడుచేసుకుంటాం. కొన్ని కొత్త టీవీల్లో ఈ పేర్లు కూడా అటూ ఇటూ మార్చేశారు, బ్యాక్‌లైట్‌నే బ్రైట్‌నెస్ అని, నలుపుని బ్లాక్ లెవెల్ అని పెట్టారు. కాబట్టి పేరు చూసి కాకుండా, మీట కదిపినప్పుడు తెర మీద నలుపు కదులుతోందా మొత్తం వెలుగు కదులుతోందా అన్నది చూసి తెలుసుకోవాలి.

అసలు సంగతి నలుపు ప్యాటర్న్‌లో బయటపడింది. దాని లెక్క ఇలా ఉంటుంది. వీడియోలో ప్రతి చుక్క వెలుగుకీ 0 నుంచి 255 దాకా ఒక అంకె ఉంటుంది, కానీ సినిమాల్లో నలుపు 0 దగ్గర కాదు, 16 దగ్గర. తెలుపు 235 దగ్గర. ప్యాటర్న్‌లో నల్లటి తెర మీద నిలువు పట్టీలు పక్కపక్కనే ఉండి మినుకుమినుకుమంటుంటాయి, ఒక్కోదానికీ దాని అంకె రాసి ఉంటుంది. 17 పట్టీ కనీకనపడనట్టు మినుకుమనాలి. 16, ఆ కిందివన్నీ నలుపులో కలిసిపోవాలి. ఎలా చేస్తామంటే, ముందు బ్రైట్‌నెస్‌ని కావాలనే బాగా పెంచి, 14, 12 లాంటి కింది పట్టీలు కూడా పైకి తేలేలా చేసి, అక్కడ నుంచి ఒక్కో అంకె తగ్గిస్తూ వచ్చి, 16 మునిగిపోయి 17 మిగిలిన చోట ఆగడం.

నా తెర మీద ఇది జరగలేదు. మామూలు స్థానంలో ఒక్క పట్టీ కూడా లేదు, 25 కూడా లేదు. పెంచితే 25 వచ్చింది, తర్వాత 22, 20, అలా 17 దాకా వచ్చాయి. అక్కడితో ఆగిపోయింది. ఇంకెంత పెంచినా తెరంతా బూడిదరంగవుతోంది గానీ 16 కింద ఒక్కటి కూడా పైకి రావడం లేదు, అక్కడ కత్తితో కోసేసినట్టుంది. దీపాలార్పేసిన గదిలో తెరకి జానెడు దూరంలో మోకాళ్ల మీద కూర్చుని, చేత్తో పక్క వెలుగు రాకుండా అడ్డం పెట్టుకుని చూస్తున్నాను, మా ఆవిడ వచ్చి చూసి ఏం జరుగుతోందని అడిగింది. "16 కింద పట్టీలు లేవు" అన్నాను. "ఉండకూడదు అన్నారు కదా?" "సరిగ్గా పెట్టాక కనపడకూడదు. ఇంత పెంచినప్పుడు కనపడాలి." అలా ఆమెకి చెబుతుంటేనే నాకు తట్టింది, అవి టీవీ దాకా రావడమే లేదని. అంటే దారిలోనే పోతున్నాయి.

ప్లేయర్ మెనూ తెరిచాను. హెచ్‌డీఎంఐ అవుట్‌పుట్ దగ్గర ఆర్‌జీబీ ఫుల్ అని ఉంది. అంతకుముందు ఆ ప్లేయర్‌ని కంప్యూటర్ మానిటర్‌కి పెట్టి వాడాను, అప్పుడు నేనే పెట్టిన సెట్టింగు అది. ఫుల్ అంటే ప్లేయర్ 16ని తీసుకెళ్లి 0 చేస్తుంది, 235ని 255 చేస్తుంది, కిందివీ పైవీ కోసేస్తుంది. కంప్యూటర్ మానిటర్‌కి అది సరిపోతుంది. టీవీ మాత్రం మామూలు వీడియోనే వస్తోందనుకుని 16నే నలుపుగా తీసుకుంటోంది. కాగితం మీద లెక్క వేసి చూశాను. ఈ రెండూ పొసగకపోతే సినిమాలో 16 నుంచి సుమారు 30 దాకా ఉన్న నీడలన్నీ ఒకటే నలుపైపోతాయి, అటువైపు 218 దాటిన వెలుగులన్నీ ఒకటే తెలుపైపోతాయి. ఆ నల్ల కోటు మడతలన్నీ ఆ 16కీ 30కీ మధ్యే ఉండి ఉంటాయి. వివిడ్ మోడ్ కాదు, టీవీ తప్పు కాదు, రెండు పెట్టెలు ఒకదానితో ఒకటి వేరే లెక్కలో మాట్లాడుకుంటున్నాయి.

ప్లేయర్‌లో దాన్ని లిమిటెడ్‌కి మార్చాను. వైసీబీసీఆర్ అని, రంగుల్ని పంపే ఇంకో పద్ధతి ఉంటుంది, అది పెట్టినా అదే పని అవుతుంది. టీవీ వైపు కూడా హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్ అని ఒకటి ఉంటుంది, అది రెండువైపులా ఒకేలా ఉండాలి, లేదా ఆటోలో ఉండాలి. మార్చిన వెంటనే ప్యాటర్న్‌లో పట్టీలన్నీ ఒక్కసారిగా లేచాయి, కిందివి కూడా, ఎందుకంటే నా బ్రైట్‌నెస్ ఇంకా ఆకాశంలో ఉంది. తగ్గించుకుంటూ వస్తే 16 మునిగి 17 మినుకుమంటున్న చోటు, కంపెనీ వాళ్లు మొదట పెట్టి ఇచ్చిన అంకెకి ఒక్క మెట్టు తేడాలో ఉంది. అప్పుడు కలిగిన తృప్తి ఇప్పటికీ గుర్తుంది. అదే సినిమా, అదే సీను పెట్టాం. కోటు మీద మడతలు, గుండీలు, వెనక గోడ మీద నీడ, అన్నీ ఉన్నాయి, నలుపు నలుపుగానే ఉంది.

తెలుపు తేలిగ్గా అయిపోయింది. అదే తరహా ప్యాటర్న్, ఈసారి 235 చుట్టుపక్కల పట్టీలు. 234 దాకా అన్నీ విడివిడిగా మినుకుమనాలి, ఆ పైవి కూడా కనపడితే మంచిదే, కనపడకపోయినా నష్టం లేదు. కాంట్రాస్ట్ తగ్గిస్తే వస్తాయి. ఇక్కడ పట్టీలతో పాటు తెల్లదనం రంగు కూడా చూడాలి, కాంట్రాస్ట్ మరీ ఎక్కువైతే ఎరుపు, ఆకుపచ్చ, నీలాల్లో ఒకటి ముందుగా పరిమితికి చేరి ఆగిపోతుంది, అప్పుడు తెలుపుకి ఒక రంగు జీర వస్తుంది. నాది అలా రాలేదు. కాంట్రాస్ట్ మార్చాక మళ్లీ ఒకసారి నలుపు ప్యాటర్న్‌కి వెళ్లి చూసుకోవాలి, ఒకటి కదిపితే రెండోది కాస్త కదులుతుంది.

షార్ప్‌నెస్ దగ్గర నా అభిప్రాయమే తారుమారైంది. ఎక్కువ ఉంటే బొమ్మ బాగా వివరంగా వస్తుందని ఇన్నాళ్లూ నమ్మాను. బూడిద రంగు మీద సన్నటి నల్ల గీతలున్న ప్యాటర్న్ పెట్టి దగ్గరగా చూస్తే, ప్రతి గీతకీ రెండు పక్కలా తెల్లటి అంచు ఒకటి కనపడింది, గీత పక్కన ఇంకో గీత గీసినట్టు. డిస్కులో ఆ అంచు లేదు, టీవీ సొంతంగా కలిపింది. తగ్గించుకుంటూ పోతే ఒకచోట అంచు మాయమై గీత ఒక్కటే శుభ్రంగా మిగిలింది. కొన్ని టీవీల్లో ఆ చోటు సున్నా, కొన్నిట్లో మధ్యలో ఎక్కడో ఉంటుంది, దాని కిందికి వెళితే గీతలు మెత్తబడిపోతాయి. మొదటి రెండు రోజులు బొమ్మ కాస్త మెత్తగా అనిపించింది, తర్వాత చర్మం చర్మంలాగా, బట్ట బట్టలాగా కనపడటం మొదలైంది.

అదే ప్యాటర్న్‌లో చుట్టూ అంచుల్లో గీతలుంటాయి, నా తెర మీద నాలుగు పక్కలా బయటి గీతలు లేవు. అంటే టీవీ బొమ్మని కొంచెం సాగదీసి అంచులు కోసేస్తోంది. ఓవర్‌స్కాన్ అంటారు, పాత పిక్చర్ ట్యూబ్ టీవీల నాటి అలవాటు, ఇప్పుడు ఏ అవసరమూ లేదు. బొమ్మ సైజు మెనూలో జస్ట్ స్కాన్, స్క్రీన్ ఫిట్, ఇలా ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది, దాన్ని ఎంచుకోగానే అన్ని గీతలూ వచ్చాయి.

రంగుల ప్యాటర్న్‌కి నీలి ఫిల్టర్ కావాలి, కొనుక్కునే డిస్కులతో పాటు వస్తుంది. దాన్ని కంటికి అడ్డం పెట్టుకుని, నీలం కలిసిన పట్టీలన్నీ ఒకే నీలంలో సమానంగా కనపడేదాకా కలర్ (రంగుల గాఢత), టింట్ (రంగు ఛాయ) సర్దాలి. ఫిల్టర్ మాత్రం గుడ్డిగా నమ్మొద్దు. ముందు దానిలోంచి తెర మీది ఎరుపునీ ఆకుపచ్చనీ చూడండి, అవి పూర్తిగా నల్లగా కనపడకుండా కాస్తయినా బయటికొస్తుంటే ఆ ఫిల్టర్ మీ టీవీకి పనికిరాదు, దానితో సర్దితే రంగులు ఇంకా పాడవుతాయి. నాకు అరువు దొరికిన ఫిల్టర్‌లో ఆకుపచ్చ కారుతోంది, అందుకని కలర్, టింట్ మూవీ మోడ్‌లో ఎలా ఉన్నాయో అలాగే వదిలేశాను. కొన్ని టీవీల్లో నీలం ఒక్కటే చూపించే సదుపాయం మెనూలోనే ఉంటుంది, ఉంటే అది ఫిల్టర్ కంటే మేలు.

ఇంట్లో గొడవ వచ్చింది మాత్రం కలర్ టెంపరేచర్ దగ్గర, అంటే తెలుపు పసుపు వైపు (వార్మ్) ఉండాలా నీలం వైపు (కూల్) ఉండాలా అన్న సెట్టింగు. మూవీ మోడ్‌లో అది వార్మ్‌లో ఉంటుంది, సినిమాలు తయారుచేసే చోట తెలుపుకి పెట్టుకునే ప్రమాణం డీ65, అంటే సుమారు 6500 కెల్విన్, దానికి దగ్గరగా వచ్చేది ఆ వార్మే. షాపు సెట్టింగులో వచ్చే తెలుపు అంతకంటే చాలా నీలం. పొద్దున్నే నాన్న వార్తలు పెట్టుకుని, "ఏరా, టీవీకి కామెర్లొచ్చినట్టు ఇంత పచ్చగా ఉందేంటి, పాడైందా?" అన్నారు. మా ఆవిడది కూడా అదే మాట. నాకు కూడా లోపల అలాగే ఉంది, ఒప్పుకోలేదంతే. "ఒక్క వారం చూడండి నాన్నా, అప్పటికీ నచ్చకపోతే మార్చేస్తాను" అన్నాను. కన్ను దేనికి అలవాటుపడితే దాన్నే తెలుపనుకుంటుంది. వారం తర్వాత ఆయన ఏమీ అనలేదు. ఒక సాయంత్రం నేను కావాలనే పాత కూల్ సెట్టింగు పెట్టి చూపిస్తే, "వద్దురా, మనుషులు పాలిపోయినట్టున్నారు" అన్నది ఆయనే. డిస్కుతో కంటితో చేసేవాటికి ఇక్కడ ఒక హద్దు ఉంది. వార్మ్, కూల్ అని ఎంచుకోగలం, బూడిద రంగు మెట్ల ప్యాటర్న్ పెట్టుకుని ఏ మెట్టయినా గులాబీకో ఆకుపచ్చకో తిరిగిందేమో చూడగలం, కానీ కచ్చితంగా సరిచేయాలంటే రంగుల్ని కొలిచే మీటర్ ఉండాలి. మీటర్ లేకుండా మెనూలో ఎరుపు, నీలం పాళ్లు మార్చే గెయిన్ మీటల జోలికి వెళ్లకండి.

తర్వాత మా బావ ప్రొజెక్టర్‌కి కూడా ఇదే డిస్కు పట్టుకెళ్లాను. అక్కడ కథ వేరు. నలుపు, తెలుపు తేలిగ్గానే కుదిరాయి, కానీ ఒక్కో చుక్క మార్చి మార్చి నలుపూ తెలుపూ ఉండే గళ్ల ప్యాటర్న్ పెడితే తెర మీద సమానమైన బూడిద రంగు రాకుండా అలలు అలలుగా మరకలొచ్చాయి. కారణం కీస్టోన్. ప్రొజెక్టర్‌ని ఒక పక్కన వాల్చి పెట్టి, బొమ్మ వంకరని మెనూలో కీస్టోన్‌తో సరిచేశాడు. అలా చేస్తే బొమ్మలోని చుక్కలన్నీ మళ్లీ కొత్తగా లెక్కగట్టి కుదించాలి, సన్నటి వివరాలు అక్కడే పోతాయి. ఇద్దరం కలిసి ప్రొజెక్టర్‌నే తెరకి ఎదురుగా జరిపి కీస్టోన్ సున్నా చేశాం, మరకలు పోయాయి. "ఇన్నాళ్లూ లెన్సు మీద దుమ్ము అనుకున్నాను బావా, రెండుసార్లు తుడిచాను కూడా" అన్నాడు. ఫోకస్ ఆన్ చేయగానే పెట్టకుండా అరగంట ఆగి పెట్టాం, లెన్సు వేడెక్కాక అది కాస్త జరుగుతుంది. బావ రిమోట్‌తో ప్రొజెక్టర్ దగ్గర, నేను తెరకి ఆనుకుని అక్షరాల అంచులు చూస్తూ. వాళ్ల గది గోడలు తెల్లవి, తెర మీది వెలుగు గోడలకి కొట్టి మళ్లీ తెర మీదే పడుతుంది, దానివల్ల నలుపు ఎప్పటికీ పూర్తిగా నల్లగా రాదు. దానికి డిస్కు చేసేదేమీ లేదు, ముదురు రంగు పరదాలే మార్గం. ప్రొజెక్టర్ ల్యాంపు వాడేకొద్దీ మసకబారుతుంది, కాబట్టి మళ్లీ కొన్ని నెలలకి చూడాలని చెప్పి వచ్చాను.

ఒక సంగతి మర్చిపోకండి, ఈ సెట్టింగులు చాలా టీవీల్లో ఒక్కో ఇన్‌పుట్‌కి విడివిడిగా ఉంటాయి. ప్లేయర్ ఇన్‌పుట్‌లో చేసింది టీవీలోని యాప్‌లకి రాదు. పెన్ డ్రైవ్‌లో అవే ప్యాటర్న్లు పెట్టి టీవీ ప్లేయర్‌తో నడిపి అక్కడ కూడా నలుపు చూసుకున్నాను. హెచ్‌డీఆర్‌కి, అంటే వెలుగునీడల తేడా ఇంకా ఎక్కువగా చూపించే వీడియోకి, మళ్లీ వేరే సెట్టింగులు, ఆ సిగ్నల్ వచ్చినప్పుడు మాత్రమే ఆ మెనూ తెరుచుకుంటుంది, ఈ 709 డిస్కు దానికి పనికిరాదు, హెచ్‌డీఆర్ ప్యాటర్న్లున్న 4కే డిస్కు కావాలి. అది నేనింకా చేయలేదు, మూవీ మోడ్ పెట్టి వదిలేశాను.

చివరి అంకెలన్నీ ఒక నోటుబుక్కులో రాసి తేదీ వేసుకున్నాను. మొదట ఫోన్‌తో ఫొటోలు తీశాను, ముందూ తర్వాతా పక్కపక్కన పెట్టి చూద్దామని. ఫోన్ తనంతట తనే వెలుగు సర్దేస్తుంది, రెండూ దాదాపు ఒకేలా వచ్చాయి, ఏమీ తెలియలేదు. అంకెలు రాసుకోవడమే నయం. రెండు నెలలకి టీవీ ఒక అప్‌డేట్ తీసుకుని సెట్టింగులన్నీ మొదటికి తెచ్చేసింది, పొద్దున నాన్నే పిలిచి "మళ్లీ నీలంగా వచ్చిందిరా" అన్నారు. నోటుబుక్కు తెచ్చి పది నిమిషాల్లో అన్నీ తిరిగి ఎక్కించాను. రాత్రి దీపాలార్పి నలుపు ప్యాటర్న్ ఒక్కటి పెట్టి చూశాను. 16 లేదు, 17 సన్నగా మినుకుమంటోంది.